"ఛీ" అనే ముందు ఒక్క క్షణం

పిల్లలూ,

మధ్యాహ్నం బడిలో భోజనాల వేళ మీ వరుసను ఒక్కసారి గమనించండి. బెండకాయ కూర వడ్డించిన రోజున ఇద్దరు ముగ్గురైనా దాన్ని పళ్ళెం అంచుకు నెట్టేస్తారు. ఎందుకురా అంటే "జిగటగా ఉంది సార్" అంటారు. అదే వరుసలో జలుబు చేసిన పిల్లవాడొకడు ఉంటే వాడికి ఆ రోజంతా "చీమిడి ముక్కు" అన్న పేరు తప్పదు. వాన కురిసిన మర్నాడు ప్రహరీ గోడ మీద నత్త కనిపిస్తే, ఉప్పు తెచ్చి దాని మీద చల్లి, అది నురగ కక్కుతూ ముడుచుకుపోతుంటే నవ్వే వాళ్ళూ ఉన్నారు.

కూర, ముక్కు, నత్త. ఈ మూడూ చేసిన తప్పు ఒక్కటే. అవి జిగటగా ఉన్నాయి!

రేణిగుంటలో పిల్లలకు సైన్సు చెప్పే నాకు ఈ విషయంలో ఒక గట్టి అభిప్రాయం ఉంది. జిగట అంటే మురికి కాదు. నీటిని దాచుకోవడానికి, గాయాన్ని మూసుకోవడానికి, శత్రువును ఆపడానికి జీవులకున్న సాధనం అది. దాన్ని చూసి ఛీ అని మొహం తిప్పుకుంటే మనం పోగొట్టుకునేది ఒక పాఠం మాత్రమే కాదు. కొన్ని చెట్లనూ, ఒక్కోసారి పక్కనున్న స్నేహితుణ్ణీ కూడా పోగొట్టుకుంటాం. ఎలాగో చెబుతాను, వినండి.

కంచె మీది తీగ

ముందుగా ఒక ప్రయోగం చేద్దాం. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. మన పొలం గట్ల మీద, కంచెల మీద దూసరి తీగ అల్లుకుని ఉంటుంది. దాని ఆకుల మీద సన్నని నూగు ఉంటుంది. గుర్తుపట్టలేకపోతే మేకలు కాసే తాతనో, ఇంట్లో అవ్వనో అడగండి, చూపిస్తారు. పిడికెడు ఆకులు తెచ్చి కడిగి, గ్లాసుడు నీళ్ళలో బాగా నలపండి. పిప్పిని గుడ్డలో వేసి వడకట్టండి. ఆకుపచ్చని నీళ్ళు వస్తాయి. వాటిని ఒక గిన్నెలో పోసి, కదపకుండా అరగంట ఉంచండి.

ఇప్పుడు గిన్నెను మెల్లగా వంచి చూడండి. నీళ్ళు కారవు! జున్ను ముద్దలాగా గడ్డకట్టి ఉంటాయి. చెంచాతో ముక్కలు చేయవచ్చు. పొయ్యి మీద పెట్టలేదు, మంచుపెట్టెలో ఉంచలేదు, ఏ మందూ కలపలేదు. మరి నీరు ఎందుకు గడ్డకట్టింది? (ఇది చూడటానికే గాని తినడానికి కాదు సుమా!)

ఒక పోలిక చెబుతాను. గిన్నెలో విడి పూసలు పోశారనుకోండి. గరిటె పెట్టి తిప్పితే గలగలా తిరుగుతాయి. అవే పూసలను పొడవాటి దండలుగా గుచ్చి, ఒక వంద దండలను అదే గిన్నెలో పడేయండి. అవి ఒకదానికొకటి చిక్కుపడిపోతాయి. గరిటె తిరగడమే కష్టమవుతుంది. నీళ్ళలో చక్కెర కరిగినప్పుడు దాని అణువులు విడి పూసల్లాగా ఉంటాయి. కాబట్టి చక్కెర నీళ్ళు పల్చగా పారుతాయి. మొక్కల జిగురులోనూ ఉన్నవి చక్కెర జాతి అణువులే. అయితే అవి వందలు, వేలుగా గొలుసులు కట్టి ఉంటాయి. ఆ గొలుసులకు నీరంటే ఇష్టం. నీటిని తమ మధ్య పట్టి ఉంచి పారనివ్వవు. జంతువుల జిగటలో మాంసకృత్తుల గొలుసుకు ఈ చక్కెరలు సీసాలు కడిగే బ్రష్షు కుచ్చులాగా అంటుకుని ఉంటాయి. పని మాత్రం అదే. మన ముక్కులోని శ్లేష్మంలో నూటికి సుమారు 95 పాళ్ళు నీరే!

చూశారా? మనం చీదరించుకునే జిగటలో ఎక్కువ భాగం మంచినీరే. పారిపోకుండా కట్టేసిన నీరన్నమాట.

ఎండ నేర్పిన తెలివి

మన సీమలో నీటి విలువ మీకు నేను చెప్పనక్కర్లేదు. స్వర్ణముఖి నదిలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే చూస్తాం. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మనం బిందెలు, తొట్టెలు నింపి పెట్టుకుంటాం. నడవలేని మొక్క ఏం చేస్తుంది? నీటిని జిగట చేసి తనలోనే దాచుకుంటుంది. కలబంద మట్టను కోసి చూడండి. బ్రహ్మజెముడును కోసి చూడండి. ఎండకు చుట్టూ ఉన్న గడ్డి మాడిపోయినా అవి లోపల చెమ్మగానే ఉంటాయి. గాలిలో ఆవిరైపోవడానికి తొందరపడే నీటిని ఆ గొలుసులు పట్టి ఉంచుతాయి.

వేసవిలో నీళ్ళలో వేసుకుని తాగే సబ్జా గింజలు మీకు తెలిసినవే. ఎండు గింజ నల్లని ఆవగింజలా ఉంటుంది. నీటిలో వేసిన కొద్ది నిమిషాలకే దాని చుట్టూ తెల్లని జిగురు ఉంగరం ఏర్పడుతుంది. అది మన షర్బత్తు కోసం పుట్టింది కాదు. నేల మీద పడిన గింజకు ఒక్క జల్లు దక్కినా ఆ నీటిని పట్టుకుని, మట్టికి అంటుకుని, మొలకెత్తే దాకా చెమ్మను నిలుపుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అది. బీళ్ళలో పెరిగే ఏనుగు పల్లేరు ఇంకా గడుసుది. దాని లేత కొమ్మను నీళ్ళలో కొంచెంసేపు కలిపితే చాలు, ఆ నీళ్ళు కోడిగుడ్డు తెల్లసొనలాగా సాగుతాయి.

బెండకాయ జిగట కూడా ఇలాంటిదే. మన పేగులలో అది తిన్నదాన్ని మెత్తగా ఉంచి ముందుకు జారేలా చేస్తుంది. మలబద్ధకానికి పెద్దవాళ్ళు వాడే ఇసబ్‌గోలు చేసే పనీ అదే. అయినా జిగట నచ్చకపోతే చింతపండు వేసి పులుసు పెట్టమని అమ్మను అడగండి. పులుపు తగిలితే జిగట తగ్గుతుంది. రాగి సంకటిలోకి బెండకాయ పులుసు పెట్టే అమ్మ రోజూ చేసేది రసాయనశాస్త్రమే.

ఇక మన సీమలో మటిక్కాయలనే గోరుచిక్కుడు కాయల సంగతి. దాని గింజల నుంచి తీసే జిగురును ఐస్‌క్రీము తయారీలో వాడతారు. మంచు పలుకులు పెద్దవి కాకుండా అది ఆపుతుంది. ఈసారి ఐస్‌క్రీము డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి. 412 అనే అంకె కనిపిస్తే అది గోరుచిక్కుడు జిగురే. బెండకాయను నెట్టేసిన అబ్బాయి ఐస్‌క్రీమును మాత్రం గిన్నె నాకి మరీ తింటున్నాడంటే, వాడికి జిగురు మీద కోపం లేదు, దాని సంగతి తెలియదు, అంతే! బట్టలకు గంజి పెట్టినా, కొండపల్లి బొమ్మల ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికినా, ఆ పని చేసేవి ఇలాంటి గొలుసులే.

కొండ మీది బంక

ఇంతవరకూ చెప్పింది మొక్క తనంత తానుగా దాచుకున్న జిగురు. చెట్టు గాయం మీద కారే బంక మరొక రకం. మునగ కాండాన్ని పురుగు తొలిచినా, వేప కొమ్మ విరిగినా, తుమ్మ బెరడు చీలినా అక్కడ బంక ఊరుతుంది. గాలి తగిలి గట్టిపడి, గాయం మీద కట్టులాగా నిలుస్తుంది. సూక్ష్మజీవులు లోపలికి పోకుండా కాపాడుతుంది. మీ తాతల కాలంలో విద్యార్థులు తుమ్మ బంకను, వేప బంకను చిన్న సీసాలో నానబెట్టుకుని పుస్తకాలకు అట్టలు అంటించుకునేవారు.

రేణిగుంట నుంచి చూస్తే కనబడే తిరుమల కొండలు శేషాచలం అడవులలో భాగం. 2010లో ఈ అడవులను జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. విస్తీర్ణం 4,755 చదరపు కిలోమీటర్లు. ఈ కొండలలోనూ, తూర్పు కనుమలలో మరికొన్ని చోట్లా తపసి అనే చెట్టు పెరుగుతుంది. తెల్లని నున్నని బెరడుతో, వేసవిలో ఒక్క ఆకూ లేకుండా రాళ్ళ మధ్య నిలబడి నిజంగానే తపస్సు చేస్తున్నట్టుంటుంది. దాని బంకను వ్యాపారంలో కరాయ బంక అంటారు. అది నీటిని పీల్చుకుని ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. విరేచన మందులలోనూ, కట్టుడు పళ్ళు జారకుండా ఉంచే జిగురులోనూ, తినుబండారాలను చిక్కబరచడానికీ దాన్ని వాడతారు. తినుబండారాలలో దాని అంకె 416. మన దేశం నుంచి ఈ బంక విదేశాలకు ఎగుమతి అవుతుంది.

దాన్ని సేకరించి అమ్మి బతికేది ఎక్కువగా అడవుల్లోని గిరిజన కుటుంబాలు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి దగ్గర కొనే సరుకుల్లో ఈ బంక ముఖ్యమైనది. కాబట్టి ఒక ముద్ద తపసి బంక అంటే ఒక ఇంటి ఉప్పు, పప్పు అని గుర్తుపెట్టుకోండి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బంక అనేది చెట్టు గాయానికి చేసుకునే వైద్యం. ఎక్కువ బంక కావాలని గొడ్డలితో కాండం చుట్టూ లోతుగా నరికితే ఏమవుతుంది? చెట్టు ఎంత బంక కార్చినా ఆ గాయం మూతపడదు. లోపలికి పురుగు చేరుతుంది, కుళ్ళు పడుతుంది. చివరికి చెట్టు చచ్చిపోతుంది. మన దేశంలో చాలా చోట్ల తపసి చెట్లు ఇలాగే తగ్గిపోయాయి. పదేళ్ళ బంకను ఒక్క ఏడు తీసుకోబోతే పదకొండో ఏడు చెట్టే ఉండదు. బంక తీసి బతికే కుటుంబానికీ అప్పుడు బతుకుదెరువు ఉండదు.

బంక తీయడమే తప్పని నేను అనడం లేదు. పై పైన చిన్న గాయం చేయాలి. లేత చెట్టును వదిలేయాలి. కాండం చుట్టూ ఉంగరంలా చెక్కకూడదు. ఒకసారి తీశాక చెట్టుకు కోలుకునే వ్యవధి ఇవ్వాలి. ఈ పద్ధతులు తెలిసినవే. వాటిని నేర్పి, శుభ్రమైన బంకకు మంచి ధర ఇస్తే గొడ్డలి దెబ్బ తగ్గుతుంది. మనం చేయగలిగింది మరొకటుంది. శేషాచలంలోని శ్రీ వేంకటేశ్వర జాతీయవనం వంటి చోట్లకు విహారానికి వెళ్ళినప్పుడు సరదాకైనా చెట్టు బెరడును చెక్కకూడదు. అక్కడ ఏదీ కోయడం, తేవడం చట్టరీత్యా కూడా తప్పే. మీ వీధిలోని వేపచెట్టుకైనా నియమం అదే. కొడవలితో కొట్టి బంక రప్పించకండి. తనంత తాను ఊరి ఎండినది తీసుకోండి.

నత్త దగ్గర నేర్చుకున్నవారు

ఇప్పుడు గోడ మీది నత్త దగ్గరికి వద్దాం. దానికి ఒక్కటే కాలు. ఆ కాలి కింద జిగట పరుచుకుంటూ దాని మీద జారుతుంది. అదే జిగటతో నిట్టనిలువు గోడకు అంటుకుని ఉంటుంది. ఎండలో ఒళ్ళు ఆరిపోకుండా కాచుకునేదీ దానితోనే. దాని మీద ఉప్పు చల్లితే ఉప్పు దాని ఒంట్లోని నీటిని బయటికి లాగేస్తుంది. అది తన్నుకుంటూ నురగ కక్కేది ఆ బాధకే. నవ్వవలసిన విషయమేనా అది?

2017లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు పెంకులేని నత్త ఒకటి భయపడినప్పుడు విడిచే జిగటను చూసి, ఆ తరహాలో ఒక కొత్త జిగురును తయారుచేశారు. మామూలు జిగురు తడి మీద అంటదు. ఇది రక్తం ఉన్న తడి కండ మీద కూడా అంటుకుంది. గాయాలను కుట్లు లేకుండా అతకాలన్న ఆశతో చేసిన పని అది. వాళ్ళు నత్తను చూసి ఛీ అని ఉంటే ఆ జిగురు పుట్టేదే కాదు.

చేప చేతిలోంచి జారిపోయేది కూడా ఒంటి మీది జిగట వల్లనే. నీటిలోని సూక్ష్మజీవులు చర్మానికి తగలకుండా అది కాపాడుతుంది. వానపాము, కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తాయి. చర్మం తడిగా లేకపోతే వాటికి గాలి అందదు. సముద్రంలో పాములాంటి హాగ్‌ఫిష్ అనే జీవి ఉంది. పెద్ద చేప నోట కరిస్తే అది క్షణంలో బోలెడంత జిగట విడిచి శత్రువు మొప్పలను మూసేస్తుంది. 2017 జులైలో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో ఈ జీవులను మూడు టన్నులకు పైగా తీసుకుపోతున్న లారీ నుంచి అవి రోడ్డు మీద పడిపోతే, రోడ్డూ కార్లూ జిగటలో మునిగిపోయాయి!

ఇంత దూరం ఎందుకు? పలమనేరు, కుప్పం వైపు రైతులు పట్టుపురుగులను పెంచుతారు. పట్టుపురుగు రెండు సన్నని పోగులు వదులుతూ, వాటిని సెరిసిన్ అనే జిగురుతో అతికి గూడు కట్టుకుంటుంది. గూటి పట్టులో సుమారు నాలుగో వంతు ఈ జిగురే. సబ్బు నీళ్ళలో ఉడికించి దాన్ని వదిలిస్తేనే పట్టుకు మెరుపు వస్తుంది. మురుగుతో పాటు పారబోసే ఆ జిగురును ఇప్పుడు చర్మానికి రాసే లేపనాలలో వాడుతున్నారు.

చీమిడి చెప్పిన రహస్యం

చివరగా మన సొంత జిగట. మన పొట్టలో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది. మాంసాన్ని అరిగించే ఆ ఆమ్లం పొట్ట గోడను ఎందుకు అరిగించడం లేదు? గోడకు లోపలివైపు జిగట పూత ఉంది కాబట్టి. ఆ పూత దెబ్బతింటే పుండు పడుతుంది. నోట్లో ఊరే లాలాజలం లేకపోతే ముద్ద గొంతు దిగదు. మీ ఇంటి పాడి ఆవుకు రోజుకు నూరు లీటర్లకు పైగా లాలాజలం ఊరుతుందంటే నమ్ముతారా? ఎండుగడ్డి నమిలి నెమరు వేయాలంటే అంత కావాలి మరి.

ముక్కులో, గాలిగొట్టాలలో ఉండే శ్లేష్మం దుమ్మును, సూక్ష్మజీవులను పట్టేస్తుంది. గొట్టాల గోడలకున్న కంటికి కనబడని నూగు ఆ శ్లేష్మాన్ని పైకి ఊడ్చేస్తూ ఉంటుంది. బీడీ, సిగరెట్టు పొగ ఆ నూగును పనిచేయనివ్వదు. అందుకే పొగ తాగేవారికి కఫం పేరుకుని దగ్గు పట్టుకుంటుంది.

1921లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అనే వైద్యునికి జలుబు చేసింది. ఆయన ఏం చేశాడో తెలుసా? తన చీమిడినే కొంచెం తీసి, సూక్ష్మజీవులు పెరిగే గాజుపళ్ళెంలో వేసి చూశాడు. దాని చుట్టుపక్కల సూక్ష్మజీవులు కరిగిపోయాయి! చీమిడిలో వాటిని చంపే పదార్థం ఉందని తేలింది. దానికి లైసోజైమ్ అని పేరు పెట్టారు. 1928లో పెనిసిలిన్‌ను కనిపెట్టిన ఫ్లెమింగ్ ఈయనే. చీమిడి ముక్కు అని ఎవరినైనా వెక్కిరించబోయే ముందు ఆయనను తలుచుకోండి. జలుబు చేసిన మీ స్నేహితుని ముక్కు రోగంతో పోరాడుతోంది. వాడికి కావలసింది ఒక శుభ్రమైన చేతిరుమాలు, కొంచెం ఆదరణ.

అన్నీ మంచివేనా?

"అలాగైతే జిగట అంతా మంచిదేనా సార్?" అని మీరడగవచ్చు. కాదు. నీళ్ళ తొట్టి గోడకు పట్టే జారుడు పాచి, పాడైన అన్నం మీది జిగట, పొద్దున లేవగానే పళ్ళ మీద ఉండే పూత సూక్ష్మజీవుల కాపురాలు. జిగట వాటికీ కోటగోడే. తొట్టిని రుద్ది కడగాలి, పళ్ళు తోముకోవాలి, పాడైన అన్నం పారేయాలి. నత్తను ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. జిగటను చూసి వెనకాడే గుణం మనిషికి ఊరికే రాలేదు. రోగాల నుంచి అది కాపాడుతుంది. కాబట్టి "ఛీ" అనిపించడం తప్పు కాదు. అక్కడే ఆగిపోవడం తప్పు. "ఛీ" తర్వాత "ఎందుకు?" అన్న మాట రావాలి. ఆ మాట వచ్చినవాడు తొట్టిని కడుగుతాడు, తపసి చెట్టును కాపాడుతాడు. రెండింటికీ తేడా వాడికి తెలుసు.

ఈ ఆదివారం దూసరి తీగ వెతికి ప్రయోగం చేయండి. ఎన్ని నిమిషాలకు గడ్డకట్టిందో, నీళ్ళు రెట్టింపు పోస్తే ఏమైందో, నిమ్మరసం కలిపితే ఏమైందో పుస్తకంలో రాసుకోండి. మీ తరగతిలో బెండకాయ నెట్టేసే అబ్బాయికే ఆ గిన్నె చూపించండి. వాడు ముందు ఛీ అంటాడు. ఆ తర్వాత వేలు పెట్టి చూస్తాడు.